గొర్రెల మందు కాదు, పిల్లల మాత్ర



బళ్ళారి జిల్లాలో తుంగభద్ర కాలువ పారే ఒక పల్లెలో నేను ఉపాధ్యాయినిగా పనిచేస్తున్నాను. మాది కన్నడ బడి. పాఠం కన్నడంలో చెబుతాను. గంట కొట్టగానే పిల్లలు తెలుగులో ఆడుకుంటారు, తెలుగులోనే పోట్లాడుకుంటారు. ఈ సంగతి మీకు కొత్త కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోయాయి, బళ్ళారి ఇటు మైసూరులో చేరింది. గీత నేల మీద పడింది కాని ఇళ్ళలో మాట మారలేదు. తరతరాలుగా ఇక్కడే ఉన్నవాళ్ళూ, కాలువ వచ్చాక కోస్తా జిల్లాల నుంచి వచ్చి క్యాంపుల్లో స్థిరపడ్డవాళ్ళూ, అందరి ఇళ్ళలోనూ ఈనాటికీ తెలుగే.

ఈ రెండు భాషల మధ్య మా బడిలో ఒకసారి జరిగిన పొరపాటుతో ఈ ప్రసంగం మొదలుపెడతాను. ఆ పొరపాటు నాదే.

కడుపులో పురుగులు పోవడానికి పిల్లలకు మాత్రలు వేసే రోజు వస్తోందని ముందురోజు సాయంత్రం పిల్లల చేత ఇళ్ళకు ఒక చీటీ పంపాను. కన్నడంలో ఆ మాత్రను జంతుహుళు నివారణ మాత్ర అంటారు. హుళు అంటే పురుగు, జంతుహుళు అంటే కడుపులో ఉండే పురుగు. చీటీలో అదే రాశాను. తెల్లవారి బడికి వెళ్ళి చూస్తే సగం బెంచీలు ఖాళీ! జ్వరాలా, ఊళ్ళో ఏదైనా పెళ్ళా అని వచ్చిన పిల్లలను అడిగాను. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారే గాని ఎవరూ చెప్పలేదు.

మధ్యాహ్నం ఒక అవ్వ బడి గేటు దగ్గరికే వచ్చింది. "గొర్రెలకు తాపే మందు మా పిల్లోల్లకు ఏస్తారంట గదా టీచరమ్మా, ఇది నాయమేనా?" అని నిలదీసింది. నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. చీటీలో ఉన్న జంతు అనే మాటను మనవడు చదివి వినిపించాడు. తెలుగులో జంతువు అంటే పశువు కదా! జంతువులకు వేసే మాత్రను పిల్లలకు వేస్తున్నారన్న మాట ఆ రాత్రే వీధి వీధికీ పాకిపోయింది. మా ఊళ్ళో గొర్రెలు కాసేవాళ్ళు చాలామంది. వాళ్ళకు నట్టల మందు సంగతి బాగా తెలుసు. అందుకే ఆ మాట వాళ్ళు వెంటనే నమ్మారు.

తప్పు ఆ అవ్వది కాదు. ఇంట్లో ఏ మాట వినబడుతుందో తెలిసి కూడా ఆ చీటీ పంపిన నాది. ఆమెకు ఆరోజు గేటు దగ్గర సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబే ఇవాళ మీ అందరికీ చెబుతాను.

ముందు నిజం నిజంగా చెప్పుకుందాం. అవ్వ అన్నదాంట్లో కొంత నిజం ఉంది. బడిలో ఇచ్చే మాత్ర పేరు ఆల్బెండజోల్. ఈ మందును 1970లలో మొదట పశువైద్యంలోనే వాడారు. 1980లలో మనుషులకూ వాడకంలోకి వచ్చింది. ఇప్పటికీ గొర్రెలకు, మేకలకు ఇచ్చే నట్టల మందుల్లో ఇదీ ఒకటి. కాని పశువుకు తాపే సీసాలోది తెచ్చి పిల్లవాడికి పొయ్యరు. మనుషుల మాత్ర వేరుగా తయారవుతుంది, దాని మోతాదు వేరు. ఉప్పు ఆవు కుడితిలోనూ వేస్తాం, మన కూరలోనూ వేస్తాం. అంతమాత్రాన మనం కుడితి తాగినట్టు కాదు కదా!

గొర్రెలు కాసే అన్నలకు ఇంకొక సంగతి నేను చెప్పనక్కరలేదు. నట్టలు పట్టిన గొర్రె ఎంత మేసినా ఒళ్ళు చేయదు. ఉన్ని రాలుతుంది, మంద వెనకబడి నడుస్తుంది. మీరు చూడగానే దానికి మందు తాపాలని గుర్తుపడతారు. అదే సంగతి పిల్లవాడి విషయంలో మనం గుర్తుపట్టం. తిన్నది ఒంటికి పట్టడం లేదంటాం, దిష్టి తగిలిందంటాం, బడిలో మేమైతే సోమరిపోతు అంటాం. నేనూ అన్నాను. నాలుగో తరగతిలో వెనక బెంచీలో తల వాల్చి కూర్చునే ఒక అబ్బాయిని ఎన్నిసార్లు నిలబెట్టానో లెక్కలేదు. తర్వాత ఆరోగ్య శాఖవాళ్ళు వచ్చి పిల్లలకు రక్తం పరీక్ష చేసినప్పుడు వాడికి రక్తం చాలా తక్కువని చెప్పారు. మందులు వాడాక వాడే ముందు బెంచీకి వచ్చి కూర్చున్నాడు. వాడిని నిలబెట్టిన రోజులు నాకు ఇప్పటికీ గుర్తుకొస్తాయి.

మరి ఈ పురుగులు ఏమిటి, ఎక్కడి నుంచి వస్తాయి? తీపి తింటే పురుగులు పుడతాయని, బెల్లం తింటే పెరుగుతాయని పెద్దవాళ్ళు అంటారు. అది నిజం కాదు. పురుగు కడుపులో తనంతట తాను పుట్టదు, బయటి నుంచి లోపలికి వస్తుంది. మట్టి ద్వారా వచ్చేవి ముఖ్యంగా మూడు రకాలు. ప్రపంచం మొత్తం మీద సుమారు 150 కోట్ల మందికి ఈ పురుగులు ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. కాబట్టి ఇది మన ఊరికి మాత్రమే పట్టిన పీడ కాదు, ఇందులో సిగ్గుపడవలసిందీ లేదు.

మొదటిది ఏలికపాము. ఇది 20 నుంచి 35 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, అంటే దాదాపు బడి స్కేలంత. ఆడపురుగు రోజుకు 2 లక్షల గుడ్ల దాకా పెడుతుంది. ఆ గుడ్లు మలంతో బయటికి వచ్చి మట్టిలో పడతాయి. రెండు మూడు వారాలు మట్టిలో ఉన్నాక అవి మనిషికి సోకడానికి సిద్ధమవుతాయి. తర్వాత ఆ మట్టి పిల్లవాడి గోటి కిందికి చేరుతుంది, గోటి కింది నుంచి ముద్దలోకి, ముద్దతో కడుపులోకి పోతుంది. కడగని కూరగాయల మీదుగా కూడా వస్తుంది. ఈ గుడ్లు తేమ నేలలో నెలల తరబడి, ఒక్కొక్కసారి ఏళ్ళ తరబడి చావకుండా ఉంటాయి.

రెండోది కొరడా ఆకారంలో ఉండే సన్నని పురుగు. ఇదీ ఏలికపాము మాదిరే గుడ్ల రూపంలో నోటి ద్వారానే వస్తుంది.

మూడోది కొంకిపురుగు. సెంటీమీటరు పొడవు ఉంటుంది, అంతే. కాని మన పల్లెల్లో భయపడవలసింది దీనికే. ఇది నోటి దాకా రానక్కరలేదు. తేమ ఉన్న నీడ నేలలో గుడ్డు పగిలి, వారం పది రోజుల్లో కంటికి ఆనని పిల్లపురుగు తయారవుతుంది. ఉత్తకాళ్ళతో నడిచేవాళ్ళ పాదం చర్మం గుండా అది లోపలికి దూరుతుంది. అక్కడి నుంచి రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు పోతుంది, గొంతులోకి ఎగబాకుతుంది, మింగినప్పుడు పేగుల్లోకి దిగుతుంది. పేగు గోడను కొరికి పట్టుకుని రక్తం పీలుస్తుంది. ఒక్కటైతే తెలియదు. పదులూ వందలూ చేరితే ఒంట్లో రక్తం తగ్గిపోతుంది. పిల్ల పాలిపోతుంది, నడిస్తే ఆయాసపడుతుంది, పాఠం తలకెక్కదు. నెలసరి మొదలైన ఆడపిల్లలకు, గర్భిణులకు ఈ నష్టం ఇంకా ఎక్కువ.

ఇక్కడ ఒక మాట బాగా గుర్తుపెట్టుకోండి. ఈ మూడు రకాల పురుగులూ మన కడుపులో పిల్లల్ని పెట్టి అక్కడే పెరిగిపోవు. అవి పెట్టిన గుడ్లు బయటికి పోయి, మట్టిలో ఉండి, మళ్ళీ రావలసిందే. అంటే పిల్లవాడి కడుపులో ఇరవై పురుగులుంటే, ఆ ఇరవయ్యీ మట్టి నుంచి వాడి నోటి గుండానో పాదం గుండానో వచ్చాయన్నమాట. ఆ దారి మూసేస్తే పురుగు రాదు.

రాత్రిపూట పిల్లలకు వెనకవైపు దురద పెట్టే సన్నని తెల్ల పురుగులు వేరే రకం. అవి మట్టి నుంచి కాదు, పిల్లవాడి గోళ్ళ నుంచి, పక్కబట్టల నుంచి ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటాయి. అలాంటి దురద ఉంటే ఇంటిల్లిపాదికీ కలిపి మందు వాడవలసి వస్తుంది. డాక్టరును అడిగి వాడండి.

ఇప్పుడు మాత్ర సంగతి. జాతీయ నులిపురుగుల నివారణ దినోత్సవం మనదేశంలో 2015 ఫిబ్రవరిలో మొదలైంది. మామూలుగా ఫిబ్రవరి 10న జరుపుతారు. చాలా చోట్ల ఆగస్టులో రెండోసారి కూడా ఇస్తారు. తేదీ ఒకటి రెండు రోజులు అటూ ఇటూ కావచ్చు కాబట్టి బడిలో గాని అంగన్‌వాడీలో గాని అడిగి తెలుసుకోండి. ఒక సంవత్సరం నుంచి 19 సంవత్సరాల వయసు వరకు అందరికీ ఉచితంగా ఇస్తారు. బడి మానేసిన పిల్లలకు కూడా ఇస్తారు, అంగన్‌వాడీకి పంపండి.

ఏడాది నుంచి రెండేళ్ళ లోపు పిల్లలకు అర మాత్ర. రెండేళ్ళు దాటినవారికి ఒక మాత్ర, అంటే 400 మిల్లీగ్రాములు. చిన్నపిల్లలకు పొడి చేసి నీళ్ళలో కలిపి ఇస్తారు. పెద్దపిల్లలు నమిలి మింగాలి. గొంతుకు అడ్డం పడకుండా ఉండటానికే ఈ జాగ్రత్త. ఆరోజు జ్వరంగా ఉన్న పిల్లలకు, వేరే జబ్బుకు మందులు వాడుతున్న పిల్లలకు వెయ్యరు. ఆ సంగతి టీచరుకు ముందే చెప్పండి. గర్భిణులు డాక్టరును అడగకుండా ఈ మాత్ర వేసుకోకూడదు. ఆరోజు రాలేకపోయిన పిల్లలకు తర్వాత కొద్ది రోజుల్లోనే మరొక రోజు ఇస్తారు.

మాత్ర వేసుకున్నాక కొందరికి కడుపులో నొప్పి వస్తుంది, వికారంగా ఉంటుంది, ఒకటి రెండు వాంతులు కావచ్చు. పురుగులు ఎక్కువగా ఉన్నవాళ్ళకే ఇలా అవుతుంది. లోపల పురుగులు చస్తున్నాయి కనుక అవుతుంది. పిల్లను నీడలో పడుకోబెట్టి మంచినీళ్ళు ఇస్తే చాలావరకు కొన్ని గంటల్లో సర్దుకుంటుంది. సర్దుకోకపోతే ఆశా కార్యకర్తకు చెప్పి ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్ళండి. ఒక పిల్లకు వాంతి అయిందని వినగానే వందమంది తల్లులు బడి మీదికి పరుగెత్తుకొస్తారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. అందుకే ఇది ముందుగానే చెబుతున్నాను.

అయితే శ్రోతలారా, మాత్రతోనే పని అయిపోతే ఈ ప్రసంగం ఇక్కడితో ముగించేదాన్ని. మాత్ర ఆరోజు కడుపులో ఉన్న పురుగులనే చంపుతుంది. మరుసటి వారం మట్టిలోంచి వచ్చేవాటిని ఆపదు. కల్లం నుంచి ఎలుకను తరిమి కన్నం పూడ్చకపోతే ఏం లాభం? పూడ్చవలసిన కన్నాలు మూడు. చేతులు, కాళ్ళు, మరుగుదొడ్డి.

చేతుల సంగతి చూద్దాం. ప్రభుత్వ, ప్రభుత్వ సహాయం పొందే ప్రాథమిక పాఠశాలలన్నిటిలోనూ వండిన భోజనం పెట్టాలని సుప్రీం కోర్టు 2001 నవంబరు 28న ఆదేశించింది. అప్పటి నుంచి మధ్యాహ్నం గంట కొట్టగానే కొళాయి దగ్గర జాతరే. నేనొక రోజు దూరంగా నిలబడి చూశాను. పిల్లలు ఒక్క కుడిచేయి మాత్రమే నీళ్ళ కింద పెడుతున్నారు. అదీ వేళ్ళ కొసలు తడిసేంత. తర్వాత ఆ చేతిని నిక్కరుకు తుడుచుకుని పళ్ళెం పట్టుకుంటున్నారు. మనం ఇళ్ళలో చేసేదీ అదే. తినేది కుడిచేత్తో కనుక ఎడమచేతిని కడగం. కాని ఎడమచేయి పళ్ళేన్ని పట్టుకుంటుంది, చెంబును పట్టుకుంటుంది, పక్కవాడికి రొట్టె తుంచి ఇస్తుంది.

ఉత్త నీళ్ళతో కడిగితే మట్టి పోతుంది, జిడ్డు పోదు. జిడ్డుతో పాటు క్రిములు అంటిపెట్టుకుని ఉంటాయి. సబ్బు ఆ జిడ్డును విడదీస్తుంది. రెండు చేతులూ తడిపి, సబ్బు రాసి, అరచేతులు, చేతుల వెనకవైపు, వేళ్ళ సందులు, బొటనవేళ్ళు, గోళ్ళ కింద రుద్ది, ఆ తర్వాత నీళ్ళు పోసుకోవాలి. ఇరవై అంకెలు నిదానంగా లెక్కపెట్టేంత సేపు రుద్దాలి. మా పిల్లలు ఒకటి నుంచి ఇరవై వరకు ఒకరోజు కన్నడంలో, ఒకరోజు తెలుగులో లెక్కపెడతారు. ఆ విధంగా లెక్కలూ వస్తున్నాయి! సబ్బుతో చేతులు కడుక్కునే అలవాటు వల్ల విరేచనాలు దాదాపు మూడోవంతు తగ్గుతాయని పరిశోధనలు చెబుతున్నాయి. దొడ్డికి పోయి వచ్చాక, తినబోయే ముందు, వంట చేయబోయే ముందు, పసిబిడ్డకు కడిగిన తర్వాత, ఈ నాలుగు వేళలూ తప్పనిసరి.

బడిలో సబ్బు పెడితే రెండు రోజుల్లో మాయమవుతుందని మేము టీచర్లం అంటుంటాం. నిజమే, మాయమవుతుంది. దానికొక ఉపాయం ఉంది. ఉల్లిగడ్డలు వచ్చే వలసంచి ముక్కలో సబ్బు వేసి మూతి కుట్టి కొళాయికి కట్టేయండి. లేదా వాడిన నీళ్ళసీసా మూతకు సూదితో రంధ్రం చేసి, గుప్పెడు బట్టలసబ్బు పొడి నీళ్ళలో కలిపి పోసి ఉంచండి. సీసా నొక్కితే సబ్బునీళ్ళు వస్తాయి. దానికయ్యే ఖర్చు చాలా తక్కువ. గోళ్ళు వారానికొకసారి కత్తిరించాలి. సోమవారం ప్రార్థన వేళ మేము గోళ్ళు చూస్తాం. ఆదివారం రాత్రి మీరు చూస్తే మాకు ఆ పని ఉండదు.

ఇక కాళ్ళు. పిల్లలకు చెప్పులు కొనివ్వడం లేదని నేననను. చాలామంది కొనిస్తున్నారు. కాని ఏం జరుగుతోందో గమనించండి. పిల్లలు చెప్పులు తరగతి గుమ్మం దగ్గర వరుసగా విడిచి లోపలికి వస్తారు. అది మర్యాద. మధ్యలో బయటికి పోవలసి వస్తే చెప్పులు వెతుక్కునే ఓపిక లేక ఉత్తకాళ్ళతో గోడ వెనక్కి పరుగెత్తుతారు. ఏ నేలకైతే చెప్పులు కావాలో ఆ నేల మీదికే చెప్పులు లేకుండా పోతున్నారన్నమాట! కాబట్టి పిల్లలకు చెప్పేటప్పుడు, చెప్పులు వేసుకో అని చెప్పి ఊరుకోవద్దు. దొడ్డికి పోయేటప్పుడు తప్పకుండా వేసుకో అని చెప్పండి.

వరి మడిలో నాటు వేసే అక్కచెల్లెళ్ళు నన్నొక ప్రశ్న అడిగారు. "బురదలోకి చెప్పులేసుకుని దిగేది అయితదా టీచర్?" అని. కాదు, నిజమే. దానికి చెప్పులు జవాబు కాదు. ఆ మడి గట్టు మీద, ఆ కాలువ ఒడ్డున ఎవరూ దొడ్డికి కూర్చోకపోవడమే జవాబు. పని కాగానే కాళ్ళు సబ్బుతో కడుక్కోండి. కాని మలం మట్టిలో కలవకపోతేనే పురుగు పుట్టుక ఆగుతుంది.

దీంతో మరుగుదొడ్డి మాట వచ్చింది. 2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మొదలైన తర్వాత మన పల్లెల్లో చాలా ఇళ్ళకు మరుగుదొడ్లు వచ్చాయి. కొన్ని ఇళ్ళలో అవి వాడుకలో ఉన్నాయి, కొన్ని ఇళ్ళలో వాటిలో పత్తికట్టె, పాత గోనెసంచులు ఉన్నాయి. గుంత నిండిపోతుందేమో, తర్వాత ఎవరు ఎత్తిపోస్తారు అన్న సందేహం పెద్దవాళ్ళకు ఉంటుంది. రెండు గుంతల దొడ్డి అయితే ఆ భయం లేదు. ఒకటి నిండగానే రెండోదానికి మళ్ళించి, మొదటిదాన్ని మూసి ఉంచాలి. ఏడాది రెండేళ్ళకు లోపలిది ఎండి, వాసన లేని ఎరువుగా మారుతుంది. ఇంకొక అపోహ, పసిపిల్లల మలం వల్ల ఏమీ కాదని వీధి పక్కన పారేయడం. పసిపిల్లల మలంలోనూ క్రిములూ, పురుగుల గుడ్లూ ఉంటాయి. దాన్ని కూడా దొడ్డిలోనే వేయాలి.

బడి మరుగుదొడ్డి గురించి చెప్పడానికి నాకు కొంచెం మొహమాటంగా ఉంది. అయినా చెప్పాలి. ఏడో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. చదువులో చురుకు. కాని మధ్యాహ్నం మూడయ్యేసరికి తలనొప్పి అని తల పట్టుకునేది. తరచు మూత్రంలో మంట వస్తోందని వాళ్ళమ్మ ఆస్పత్రికి తిప్పింది. ఒకరోజు పక్కన కూర్చోబెట్టుకుని అడిగితే మెల్లగా చెప్పింది. "పొద్దున్నుంచి నీళ్ళు తాగను టీచర్. తాగితే పోవాల్సొస్తుంది" అంది. బడిలో దొడ్డి లేక కాదు. ఆడపిల్లలకు వేరుగా కట్టినది ఉంది. పిల్లలు పాడుచేస్తారని దానికి తాళం వేశాం. తనిఖీకి ఎవరైనా వచ్చినప్పుడు తీసేవాళ్ళం. ఆ తాళంచెవి మా బల్ల సొరుగులోనే ఉండేది.

ఆ పిల్ల దాహాన్ని చంపుకుని నా పాఠం వింటూ కూర్చుందన్నమాట.

బడిలో మగపిల్లలకు, ఆడపిల్లలకు వేరువేరుగా మరుగుదొడ్లు, అందరికీ సరిపడా మంచినీరు ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టంలోనే ఉంది. కాని చట్టం గోడలు కట్టించగలదు, తాళం తీయవలసినది మనమే. మేము తీశాం. తీయగానే అంతా బాగుపడలేదు. వారం రోజులకే వాసన మొదలైంది. అప్పుడు ఎస్.డి.ఎం.సి. సమావేశంలో పెట్టాం. పిల్లల చేత కడిగించకూడదని, ఏ ఒక్క కులం పిల్లలకో ఆ పని అసలే చెప్పకూడదని ముందే తేల్చుకున్నాం. బడి నిధుల నుంచి కూలి ఇచ్చి మనిషిని పెట్టుకున్నాం. బ్లీచింగ్ పొడి, బ్రష్షు, ఒక డ్రమ్ము నీళ్ళు, మగ్గు ఉంచుతున్నాం. కరెంటు లేక మోటారు ఆడని రోజు ఇప్పటికీ ఇబ్బందే. అయినా తాళం మాత్రం మళ్ళీ వేయలేదు.

ఆడపిల్లల తల్లులకు మరొక మాట. నెలసరి రోజుల్లో పిల్లను బడి మాన్పించకండి. బట్ట వాడితే శుభ్రంగా ఉతికి ఎండలో ఆరవేయండి. సిగ్గుపడి చాటున, చీకట్లో ఆరవేస్తే అది తడి ఆరదు, జబ్బు తెస్తుంది. బట్టయినా ప్యాడయినా నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి మార్చుకోవాలి. ప్యాడ్లు దొడ్డి గుంతలో వేస్తే గొట్టం మూసుకుపోతుంది, కాగితంలో చుట్టి డబ్బాలో వేయమనండి. బడిలో వారానికొకసారి ఇచ్చే ఇనుము మాత్రను పిల్ల మింగుతోందో, సంచిలో దాస్తోందో అడగండి. అన్నం తిన్న తర్వాత మింగితే వికారం ఉండదు. మలం నల్లగా వస్తే భయపడవద్దు, అది ఆ మందు రంగే.

ఇవన్నీ మన వల్ల అవుతాయా అని మీకు అనిపించవచ్చు. ఒక పాత సంగతి గుర్తుచేస్తాను. మీ ఇంట్లో అరవై ఏళ్ళు దాటినవాళ్ళను నారికురుపు గురించి అడగండి. కన్నడంలో నారుహుణ్ణు అంటారు. కాలి మీద బొబ్బ లేచి, పగిలి, అందులోంచి తెల్లని దారం లాంటి పురుగు బయటికి వచ్చేది. మీటరు పొడవు దాకా ఉండేది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకింత చొప్పున లాగేవారు. మధ్యలో తెగితే కాలు వాచి మంచం పట్టవలసిందే. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్రలతో పాటు మొత్తం ఏడు రాష్ట్రాల్లో ఆ జబ్బు ఉండేది. పురుగు ఉన్న కాలితో దిగుడుబావిలోకి దిగితే దాని పిల్లలు నీళ్ళలో పడేవి. ఆ నీళ్ళు తాగినవాళ్ళకు ఏడాది తర్వాత అదే కురుపు లేచేది.

ఆ జబ్బుకు టీకా లేదు, పురుగును చంపే మందూ లేదు. 1980లలో ప్రభుత్వం ఊరూరా మనుషులను పంపింది. నీళ్ళు బట్టలో వడగట్టి తాగమన్నారు. దిగుడుబావుల మెట్లు మూయించారు, చేతిపంపులు వేయించారు. మన అమ్మలూ అవ్వలూ బిందె మూతికి బట్ట కట్టి నీళ్ళు వడగట్టారు. 1996 జూలైలో రాజస్థాన్‌లో కనబడినదే దేశంలో చివరి కేసు. 2000లో భారతదేశానికి నారికురుపు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. ఇవాళ మా బడి పిల్లలకు ఆ మాటే తెలియదు. మందు లేని జబ్బును అలవాటుతో గెలిచినవాళ్ళం మనం. మాత్ర చేతిలో ఉన్న జబ్బుకు భయపడాలా?

చివరగా మళ్ళీ ఆ మాత్రల రోజుకు వస్తాను. ఆ తర్వాతిసారి నేను చీటీ పంపలేదు. చీటీ కన్నడంలో రాస్తే అవ్వలకు తెలియదు, తెలుగులో రాస్తే పిల్లలకు చదవడం రాదు. అందుకని నాలుగు వాక్యాలు తెలుగులో పిల్లల చేత కంఠతా పట్టించాను. కడుపులో పురుగులు పోయే మాత్ర. మనుషుల మాత్ర. రేపు అన్నం తిన్నాక వేస్తారు. నువ్వు కూడా వచ్చి చూడొచ్చు. ఇంతే. ఇంటికి పోయి అమ్మకు, అవ్వకు అప్పజెప్పమన్నాను. మందలు కాసే ఒక తాతను బడికి పిలిచి, నట్టలు పట్టిన గొర్రె ఎలా ఉంటుందో పిల్లలకు చెప్పమన్నాను. ఆయన చెప్పినంత బాగా నేను ఏ పాఠమూ చెప్పలేదు.

ఆరోజు అందరూ రాలేదు. కొన్ని ఖాళీలు అప్పుడూ ఉన్నాయి. వాళ్ళ ఇళ్ళకు ఆశా అక్కతో కలిసి నేనే వెళ్ళాను. ఆ గేటు దగ్గర నిలదీసిన అవ్వ మాత్రం మనవడి చెయ్యి పట్టుకుని తానే తీసుకొచ్చింది. వాడు మాత్ర నమిలేదాకా నిలబడి, "నోరు తెరువు, చూస్తా" అని వాడి నోట్లోకి చూసి మరీ వెళ్ళింది.

కాబట్టి సరిహద్దు జిల్లాల్లో ఉన్న తల్లిదండ్రులందరికీ నా మనవి ఒకటే. బడి నుంచి వచ్చిన కాగితం అర్థం కాకపోతే దాచిపెట్టకండి, ఊహించుకోకండి. బడికి రండి, మీ భాషలోనే అడగండి. చెప్పడం మా పని. అడగడం మీ హక్కు. ఈ సాయంత్రం మీ బిడ్డ అన్నానికి కూర్చోబోయే ముందు రెండు చేతులూ చాపమనండి, గోళ్ళు చూడండి. తర్వాత ఇంకొక ప్రశ్న అడగండి. ఇవాళ బడిలో నీళ్ళు తాగావా అని. వాళ్ళు లేదంటే, ఎందుకని అడగండి. ఆ జవాబు పట్టుకుని మర్నాడు మా దగ్గరికి రండి.